సంతానలేమి బాధను కొలిచే ప్రశ్నాపత్రం – మన తెలుగులో

సంతానం కలగని దంపతులు వైద్యుని వద్దకు వెళ్ళగానే కొలతలు మొదలవుతాయి. రక్తంలో హార్మోనులు ఏ మోతాదులో ఉన్నవి, అండం ఎన్ని మిల్లీమీటర్లు పెరిగినది, వీర్యకణాల సంఖ్య ఎంత, వాటి కదలిక ఎట్లా ఉన్నది అనే విషయాలన్నీ అంకెలుగా కాగితం మీదకు వస్తాయి. ఇవన్నీ అవసరమే. అయితే ఆ ఇల్లాలికి కంటినిండా నిద్రపట్టి ఎన్నాళ్ళయినదో, ఎదురింటి బారసాలకు వెళ్ళకుండా తలనొప్పి సాకు చెప్పి ఎందుకు పడుకున్నదో, ఆమె భర్త సాయంత్రం పూట నలుగురితో కూర్చోవడం ఎందుకు మానుకున్నాడో ఆ కాగితాలలో ఏ ఒక్కటీ చెప్పదు.

ఈ బాధను కూడా కొలవవలసినదేనని గుర్తించిన వైద్యశాస్త్రజ్ఞులు కొన్ని ప్రశ్నాపత్రాలను తయారుచేశారు. వాటిని జీవన నాణ్యతా ప్రశ్నాపత్రాలు అంటున్నారు. ఈ పేరే మనవారికి కొంత కొత్తగా తోస్తుంది. నాణ్యత అనే మాటను మనం బియ్యానికో, విత్తనాలకో వాడుతాము గాని బ్రతుకుకు వాడము. ఇంగ్లీషులో పుట్టిన ఈ పత్రాలు తెలుగులోకి వచ్చినప్పుడు ఎదురయ్యే చిక్కులలో ఇది మొదటిది, చిన్నది. పెద్దవి చాలా ఉన్నవి. వాటిని గురించి ఈ పత్రిక పాఠకులకు, ముఖ్యంగా ఇంట్లో అటువంటి దంపతులున్న వారికి, తెలియజేయడం అవసరమని నాకు తోచినది.

నేను నకరికల్లులో ఆయుర్వేద వైద్యం చేస్తున్నాను. మా ఊరు నరసరావుపేట నుండి పిడుగురాళ్ళ వెళ్ళే దారిలో ఉన్నది. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడే వరకు గుంటూరు జిల్లాలో ఉండేది. సాగర్ కుడికాలువ నీటితో మిరప, పత్తి, వరి పండించుకొనే ప్రాంతం. ఇక్కడి దంపతులు సంతానం కోసం నరసరావుపేట, గుంటూరు, ఒక్కొక్కప్పుడు హైదరాబాదు వరకు వెళ్ళి పరీక్షలు చేయించుకొంటారు. ఆ మందులు వాడుతూనే నా వద్దకు కషాయాలకూ, లేహ్యాలకూ వస్తారు. అప్పుడప్పుడు వారి చేతిలో ఒక ప్రశ్నాపత్రం కూడా ఉంటుంది. "డాక్టరమ్మా, పట్నం ఆసుపత్రిలో ఇది నింపుకు రమ్మన్నారు. ఏం రాయాలో మీరే చెప్పండి" అంటారు. తెలుగు లిపిలో ఉన్న కాగితాన్ని తెలుగు చదవడం వచ్చిన మనిషి మరొకరితో అర్థం చెప్పించుకోవలసి వచ్చినదంటే, అందులో లోపమేదో ఉన్నదన్న మాటే కదా!

ఆ పత్రంలో ఏముంటుంది?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో వెలువరించిన నివేదిక ప్రకారం పెద్దవారిలో సుమారు 17.5 శాతం మంది, అంటే దాదాపు ప్రతి ఆరుగురిలో ఒకరు, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సంతానలేమిని ఎదుర్కొంటున్నారు. పన్నెండు నెలలు, అంతకు మించి ప్రయత్నించినా గర్భం నిలవకపోతే దానిని సంతానలేమిగా లెక్కిస్తారు. ఇంతమందికి సంబంధించిన బాధ గనుకనే దానిని కొలిచే సాధనం కావలసి వచ్చినది.

ఇటువంటి సాధనాలలో నేడు ఎక్కువగా వాడుకలో ఉన్నది ‘ఫెర్టిక్వాల్’. బ్రిటన్‌లోని కార్డిఫ్ విశ్వవిద్యాలయానికి చెందిన జాకీ బోయివిన్, ఆమెతోపాటు జానెట్ టేక్‌ఫ్‌మన్, ఆండ్రియా బ్రేవర్‌మన్ దీనిని రూపొందించి 2011లో ప్రకటించారు. ఇందులో మొత్తం 36 ప్రశ్నలు. ప్రధాన భాగంలో 24 ప్రశ్నలు, ఆరేసి చొప్పున నాలుగు విభాగాలుగా ఉంటాయి. మనసులోని ఉద్వేగాలు, మనస్సూ శరీరమూ కలిసి పడే అలసట, భార్యాభర్తల అనుబంధం, బంధువర్గంతోనూ సమాజంతోనూ సంబంధాలు అనేవి ఆ నాలుగు. చికిత్స పొందుతున్న వారికి మరో 10 ప్రశ్నలు. మిగిలిన రెండూ మొత్తం మీద ఆరోగ్యాన్ని, బ్రతుకు పట్ల తృప్తిని అడిగేవి. 1,414 మంది జవాబులతో దీనిని మొదట పరీక్షించారు. తరువాత అనేక భాషలలోకి వెళ్ళినది. మనకు దగ్గరలో, హైదరాబాదులోని ఫెర్నాండెజ్ ఆసుపత్రి వైద్యులు ఈ ప్రశ్నాపత్రంతో సంతానలేమి ఉన్న స్త్రీల జీవన నాణ్యతను పరిశీలించిన వ్యాసం 2019లో ఒక వైద్య పత్రికలో వచ్చినది.

జవాబులకు లెక్క ఇట్లా కడతారు. ప్రతి ప్రశ్నకు ఐదు జవాబులలో ఒకటి ఎంచుకోవాలి. దానికి 0 నుండి 4 వరకు గుణాలు. ఒక విభాగంలో వచ్చిన గుణాలను కూడి, 25తో హెచ్చవేసి, ప్రశ్నల సంఖ్యతో భాగిస్తే 0 నుండి 100 లోపు ఒక అంకె వస్తుంది. అంకె ఎక్కువగా ఉంటే బాధ తక్కువ, బ్రతుకు మెరుగ్గా ఉన్నదని అర్థం.

పాఠకులు ఒక చిన్న లెక్క చూడండి. సమాజానికి సంబంధించిన ఆరు ప్రశ్నలకు ఒక స్త్రీకి 9 గుణాలు వచ్చినవనుకొందాము. 9 × 25 ÷ 6 = 37.5. ఇది బాగా తక్కువ. ఆమెతో కూర్చుని మాట్లాడవలసిన మనిషి ఒకరు కావాలని ఆ అంకె చెబుతున్నది. అదే స్త్రీ ఆ ఆరింటిలో రెండు ప్రశ్నలు సరిగా అర్థం కాకనో, అర్థమై సిగ్గుపడియో, ఒక్కొక్క గుణం రావలసిన చోట ‘అసలు లేదు’ అని గుర్తు పెట్టినదనుకోండి. వాటికి నాలుగేసి గుణాలు పడతాయి. మొత్తం 15. లెక్క కడితే 62.5. కాగితం మీద ఆమె పరిస్థితి ఫరవాలేదు. ఆమెను ఎవరూ కూర్చోబెట్టి మాట్లాడరు. రెండు మాటల తేడాతో ఒక మనిషి బాధ లెక్కలోంచి తప్పిపోయినది. అనువాదం పట్ల ఇంత పట్టింపు ఎందుకని అడిగే వారికి నేను ఈ లెక్కే చూపిస్తాను.

అనువాదం చేసి, తిప్పి చూసుకొంటే చాలునా?

ఒక ప్రశ్నాపత్రాన్ని మరొక భాషలోకి తెచ్చేందుకు స్థిరపడిన పద్ధతి ఒకటున్నది. రెండు భాషలూ బాగా వచ్చిన ఇద్దరు విడివిడిగా అనువదిస్తారు. ఆ రెండింటినీ కలిపి ఒక పాఠం తయారుచేస్తారు. మూలాన్ని చూడని మూడవ వ్యక్తి దానిని తిరిగి ఇంగ్లీషులోకి మారుస్తారు. అట్లా తిరిగివచ్చిన దానిని మూలంతో పోల్చుతారు. రిచర్డ్ బ్రిస్లిన్ అనే పండితుడు 1970లో వివరించిన ఈ తిరుగు అనువాద పద్ధతిని ప్రపంచమంతటా అనుసరిస్తున్నారు.

పద్ధతి మంచిదే. కాని అది అనువాదకులను పరీక్షిస్తుంది గాని, పత్రం నింపవలసిన మనిషిని పరీక్షించదు. ఒక ఉదాహరణ చెబుతాను. భార్యాభర్తల శారీరక కలయిక గురించి ఆ పత్రంలో ఒక ప్రశ్న ఉన్నది. దానిని ‘మీ లైంగిక సంబంధం తృప్తికరంగా ఉన్నదా?’ అని తెలుగు చేస్తే, తిరిగి ఇంగ్లీషులోకి మార్చినప్పుడు మూలంలోని మాటలే వస్తాయి. పరీక్షలో నూటికి నూరు. అయితే మా ప్రాంతంలో ‘సంబంధం’ అంటే ఒకటి పెళ్ళి సంబంధం, లేదా చాటుమాటు సంబంధం. ‘లైంగిక’ అనే మాట పత్రికలలోని నేరవార్తలలో తప్ప ఇంట్లో వినిపించదు. ఆ రెండు మాటలూ కలిపి ఒక గృహిణి ముందు పెడితే ఆమెకు చెమటలు పడతాయి. గబుక్కున ఏదో ఒక గడిలో గుర్తు పెట్టి కాగితం తిప్పేస్తుంది. మరి ‘కాపురం’ అందామా? కాపురంలో వంట, పొదుపు, అత్తమామల సేవ అన్నీ వస్తాయి. ‘సంసారం’ అన్నా అంతే. ‘భార్యాభర్తలుగా మీ ఏకాంత జీవితం’ అంటే కొంత దగ్గరగా ఉంటుందని నా అభిప్రాయం. కాని నా అభిప్రాయం చాలదు. పదిమంది స్త్రీలకు, పదిమంది పురుషులకు చదివి వినిపించి, ‘ఇందులో మిమ్మల్ని ఏమి అడుగుతున్నారు? మీ మాటల్లో చెప్పండి’ అని అడగాలి. ఈ పనిని తిరుగు అనువాదం తరువాత తప్పక చేయవలసిన మెట్టుగా పరిశోధకులు చెబుతారు. తొందర ఉన్నవారు దాటవేసేది కూడా ఈ మెట్టునే.

పత్రం శీర్షికతోనే ఇబ్బంది మొదలవుతుంది. ‘వంధ్యత్వం’ అని వేస్తారు. వంధ్య అనేది స్త్రీని చెప్పే మాట. వాడుకలోని ‘గొడ్రాలు’ సంగతి చెప్పనే అక్కరలేదు, అది మాట కాదు, శాపం. ఇదే లోపం ఉన్న పురుషుణ్ణి నలుగురిలో అట్లా పిలిచేందుకు మన భాషలో దానికి సమానమైన మాట లేదు. కనుక వంధ్యత్వం అనే శీర్షిక కింద భర్తను జవాబులు వ్రాయమంటే, ‘ఇది మా ఆవిడ కాగితం’ అని పక్కన పెడతాడు. ‘పిల్లలు కలగకపోవడం వలన’ అంటే చాలు. పొడవైనా తప్పు ఒకరి మీద పడదు.

భాగస్వామి అన్న మాటా అటువంటిదే. మా ఊళ్ళో భాగస్వామి అంటే పొలం కౌలులోనో, మిరప వ్యాపారంలోనో వాటా ఉన్నవాడు. భర్తకు ఇచ్చే కాగితంలో ‘మీ భార్య’ అనీ, భార్యకు ఇచ్చే కాగితంలో ‘మీ భర్త’ అనీ వేరువేరుగా అచ్చువేయిస్తే ఎంత ఖర్చవుతుంది?

ఇక నన్ను బాగా ఆలోచింపజేసిన ప్రశ్నలు రెండున్నవి. ఒకటి స్నేహితుల ఆదరణ గురించి, రెండవది కుటుంబం మిమ్మల్ని అర్థం చేసుకొంటున్నదా అనే దాని గురించి. అక్షరార్థంలో ఈ రెండింటిలో కష్టమైన మాట ఒక్కటీ లేదు. అయినా ఒక ఇల్లాలు మొదటి ప్రశ్న దగ్గర ఆగి, "నాకు స్నేహితులెవరుంటారు డాక్టరమ్మా? పెళ్ళయి ఈ ఊరొచ్చినాక అందరూ మా ఆయన తరపు వాళ్ళేగా!" అన్నది. రెండవ ప్రశ్న దగ్గర, "మా అమ్మగారి కుటుంబమా, అత్తగారి కుటుంబమా? ఏది రాయమంటారు?" అన్నది. ఆమె అడిగినది న్యాయమే. పుట్టింటివారు అర్థం చేసుకొంటారు, మెట్టినింటివారు చేసుకోరు. లేదా ఒక్కొక్క ఇంట్లో అత్తగారే తల్లిలా కడుపులో పెట్టుకొంటుంది, పుట్టింట వదినగారే ములుకులు వేస్తుంది. రెండు ఇళ్ళకూ కలిపి ఒక గడిలో గుర్తు పెట్టమంటే ఆమె మధ్య గడిలో పెడుతుంది. ఆ మధ్య గడి ఆమె బ్రతుకులో ఎక్కడా లేదు. పరదేశంలో కుటుంబం ఒకటే, స్నేహితులు వేరే. మన స్త్రీకి తోడికోడలు, ఆడపడుచు, పక్కింటి అక్కయ్య, పుట్టింటి పిన్ని, ఫోనులో మాట్లాడే చిన్ననాటి నేస్తం వీరందరూ కలిసినదే ఆదరణ. ప్రశ్న కింద చిన్న అక్షరాలలోనైనా ఈ వివరం ఇవ్వవలసి ఉంటుంది.

అసూయ గురించిన ప్రశ్న మరింత సున్నితమైనది. ఇతరుల పిల్లలను చూచినప్పుడు అసూయ కలుగుతున్నదా అంటే ఏ స్త్రీ ఔనంటుంది? మన ఊళ్ళలో పిల్లలు లేని స్త్రీ చూపు సోకితే పసిబిడ్డకు దిష్టి తగులుతుందనే దుర్మార్గపు నమ్మకం ఇంకా పోలేదు. ఔనన్నదంటే తన కళ్ళు చెడ్డవని తానే సంతకం చేసినట్లవుతుంది. అందుచేత "నాకేం కుళ్ళు లేదమ్మా" అని దిటవుగా చెబుతుంది. ‘పిల్లలను ఎత్తుకున్న వారిని చూచినప్పుడు మీ మనసు చివుక్కుమంటున్నదా?’ అని అడిగి చూడండి, కన్నీరే జవాబుగా వస్తుంది. అయితే ఇక్కడ ఒక పేచీ ఉన్నది. చివుక్కుమనడం వేరు, అసూయ వేరు. ప్రశ్నను మెత్తబరిచే ఉత్సాహంలో మూలంలో అడిగిన దానిని కాక మరొక దానిని అడిగామంటే, మన అంకెలను ఇతర దేశాల అంకెలతో పోల్చేందుకు వీలుండదు. పైగా ఇటువంటి పత్రాలలో మార్పులు చేయాలంటే హక్కుదారుల అనుమతి కావాలి. కాబట్టి రెండు విధాలుగానూ అడిగి, జవాబులు ఎంతవరకు కలిసి నడుస్తున్నవో చూచిన తరువాతనే ఏదో ఒకటి నిర్ణయించాలి.

పేరంటాలు, వేడుకల ప్రశ్న కూడా ఇటువంటిదే. వేడుకలకు వెళ్ళడం ఇబ్బందిగా ఉన్నదా అని పత్రం అడుగుతుంది. సీమంతానికి, ఒడి నింపే పేరంటానికి అసలు పిలుపే రాని స్త్రీ దీనికేమి వ్రాయాలి? వెళ్ళనే వెళ్ళలేదు గనుక ‘ఇబ్బంది లేదు’ అని వ్రాస్తే, ఆమె అవమానం అంకెలో సుఖంగా మారిపోతుంది. పిలవకపోవడం గురించి వేరే ప్రశ్న ఉండవలసినది. అట్లాగే సంతానం కోసం ఒత్తిడి ఉన్నదా అనే ప్రశ్న. ఒత్తిడి అనగానే మనవారు రక్తపోటు అనుకొంటారు. ‘ఏమైనా విశేషమా?’ అని అడిగేవారి వలన మీకు కష్టంగా ఉన్నదా అంటే, చదువురాని ముసలమ్మకు కూడా ఇట్టే తెలుస్తుంది.

తెలుగంటే ఒక్కటే తెలుగు కాదన్నది మరొక సంగతి. తెలంగాణలో ‘రంది’ అనే బాధనే మేము ‘బెంగ’ అనీ ‘దిగులు’ అనీ అంటాము. హైదరాబాదులో తయారైన పత్రాన్ని పల్నాటిలోను, రాయలసీమలోను, శ్రీకాకుళంలోను చదివించి చూడకుండా ‘తెలుగు పత్రం’ అని ముద్ర వేయడం సబబు కాదు.

‘తరచుగా’ అంటే ఎన్నిసార్లు?

జవాబుల గడులలో ‘ఎల్లప్పుడూ, చాలా తరచుగా, తరచుగా, అరుదుగా, ఎన్నడూ లేదు’ అని ఉంటాయి. చాలా తరచుగా, తరచుగా అనే రెండింటి మధ్య తేడా ఏమిటో చదువుకొన్న వారికే చెప్పడం కష్టం. అరుదుగా అనే మాటను నోటితో పలికేవారు మా మండలంలో ఎందరుంటారో!

ఈ చిక్కుకు ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 1990లలో చక్కని ఉపాయం కనిపెట్టారు. వారు సాధారణ జీవన నాణ్యతా పత్రాన్ని ఒకే భాషలో వ్రాసి అనువదించకుండా, లోకంలోని 15 కేంద్రాలలో ఒకేసారి తయారుచేయించారు. అందులో మద్రాసు, న్యూఢిల్లీ కూడా ఉన్నవి. ప్రతి కేంద్రంలోనూ సామాన్యులకు 10 సెంటీమీటర్ల గీత ఒకటి ఇచ్చారు. ఒక కొన ‘అసలు లేదు’, రెండవ కొన ‘ఎప్పుడూ’. స్థానిక భాషలోని ‘అప్పుడప్పుడు’, ‘ఎక్కువగా’ వంటి మాటలు ఆ గీతపై ఎక్కడ నిలుస్తాయో గుర్తు పెట్టమన్నారు. 25, 50, 75 శాతాల దగ్గర నిలిచిన మాటలనే పత్రంలోకి తీసుకొన్నారు. తెలుగు పత్రానికీ ఇట్లా చేయవలసినదే.

చదువు తక్కువైన వారితో నేను మాట్లాడేటప్పుడు రూపాయి లెక్కను వాడుతాను. బాధ రూపాయిలో ఎన్నో వంతు? ఏమీ లేదా, పావలా వంతా, అర్ధరూపాయా, ముప్పావలానా, నిండు రూపాయా? ఐదు గడులూ సరిపోతాయి. పావలాలు చేతిలోంచి పోయి చాలాకాలమైనా ఆ లెక్క మన నాలుక మీద నిలిచే ఉన్నది. ఎన్నిసార్లు అని కాక ఎంత అని అడిగే ప్రశ్నలకే ఇది పనికివస్తుంది. దీనిని ఆసుపత్రులలో వాడాలంటే ముందుగా పద్ధతి ప్రకారం పరీక్షించవలసినదే.

జవాబుల విషయంలో ఇంకొక సంగతి. ‘మీకు అలసట కలగడం లేదా?’ అని వ్యతిరేకార్థంలో అడిగితే మనవారు ‘లేదు’ అన్నా, ‘ఔను’ అన్నా అర్థం రెండు విధాల వస్తుంది. ఇటువంటి ప్రశ్నలను సూటిగా మార్చి అడగడం మేలు.

తక్కెడ, పాసంగం

మాటలు కుదిరిన తరువాత పత్రాన్ని అంకెలతో పరీక్షిస్తారు. దీనిని వివరించడానికి మన అంగడి తక్కెడ చాలు. ఒకే బెల్లపు ముక్కను పదిసార్లు తూచినా ఒకే బరువు చూపితే ఆ తక్కెడ నిలకడ గలది. ప్రశ్నాపత్రాన్ని ఒకే మనిషికి రెండు వారాల తేడాతో ఇచ్చి, ఈలోపు ఆమె బ్రతుకులో మార్పేమీ రాకపోతే, జవాబులు దగ్గరగా ఉండాలి. అట్లాగే ఒక విభాగంలోని ప్రశ్నలన్నీ ఒకే దిక్కుకు నడవాలి. దీనికి లీ క్రోన్‌బాక్ 1951లో చెప్పిన ఒక కొలత ఉన్నది. అది 0.7కు తగ్గకుండా ఉంటే సాధారణంగా ఒప్పుకొంటారు. ఫెర్టిక్వాల్ మూలపత్రంలో ఈ అంకెలు 0.72 నుండి 0.92 వరకు వచ్చినవి.

కాని తక్కెడకు పాసంగం ఉంటే? పదిసార్లు తూచినా అదే బరువు చూపుతుంది, ఆ పదిసార్లూ తప్పే చూపుతుంది. అందుకే మరొక పరీక్ష. ఈ పత్రంలో బాధ ఎక్కువగా చూపిన వారు, మనోవ్యాకులతను కొలిచే వేరొక పత్రంలో కూడా ఎక్కువ చూపుతున్నారా? నెదర్లాండ్స్‌వారు 2011లో డచ్చి భాషా పత్రాన్ని ఇట్లాగే పోల్చి చూచారు. పెళ్ళయి రెండేళ్ళయిన వారికీ, పదేళ్ళు ఎదురుచూచిన వారికీ తేడా కనిపిస్తున్నదా? భార్యల జవాబులకూ, భర్తల జవాబులకూ తేడా ఉన్నదా? ఇందుకు ప్రశ్నకు ఐదు నుండి పదిమంది చొప్పున జవాబులు కావాలని ఒక మోటు లెక్క చెబుతారు. 24 ప్రశ్నలకు 120 నుండి 240 మంది. ఒక జిల్లాలోని ఆసుపత్రులు కలిస్తే ఇది పెద్ద పనేమీ కాదు.

పత్రం ఎట్లా నింపించారన్నది కూడా ఈ పరీక్షలో భాగమే. ఒంటరిగా కూర్చుని నింపిన కాగితమూ, అత్తగారు పక్కన నిలబడి ఉండగా నర్సు గట్టిగా చదివి నింపిన కాగితమూ ఒకటి కావు. చదువురాని వారికి చదివి వినిపించే పద్ధతిని విడిగా పరీక్షించాలి.

చికిత్స అంటే ఏది?

చికిత్స గురించిన పది ప్రశ్నలలో ఆసుపత్రి సిబ్బంది తీరు, మందుల వలన కలిగే ఇబ్బందులు వంటివి వస్తాయి. ఇంగ్లీషు పత్రం వ్రాసినవారి మనసులో చికిత్స అంటే ఆసుపత్రి ఒక్కటే. మన ఇళ్ళలో ఆ మాట చాలా విశాలమైనది. ఇంజెక్షన్లు జరుగుతుంటాయి, ఉదయం శతావరి చూర్ణం పాలలో వేసుకొంటారు, ఎవరో చెప్పిన వేరు నూరి మూడు రోజులు మింగుతారు, శివరాత్రికి కోటప్పకొండ మొక్కు ఉంటుంది. కడుపు ఉబ్బరానికి కారణం ఇంజెక్షనా, వేరా? జవాబు వ్రాసేవారికే తెలియదు. కాబట్టి ఈ భాగం నింపేముందు మీరు వాడుతున్న చూర్ణాలు, భస్మాలు, వేర్లు అన్నిటినీ ఒక చీటీ మీద వ్రాసి పత్రానికి జతచేయండి. ఆయుర్వేద వైద్యురాలిగా ఈ మాట నేనే చెబుతున్నాను. మూలద్రవ్యం తెలియని భస్మాన్ని సంతానం కోసం మింగడం ఎంతమాత్రం తగదు.

దిగులు కారణమా, ఫలితమా?

ఈ పత్రాల అంకెలు ఇంట్లోవారి చేతికి చిక్కినప్పుడు ఒక ప్రమాదం ఉన్నది. "చూశారా, దీనికి మనసు బాగాలేదట. దిగులు పెట్టుకుంటే పిల్లలెట్లా పుడతారు?" అని కోడలి మీదకే తప్పు తిప్పుతారు. చరకాచార్యులు గర్భధారణకు తోడ్పడే వాటిలో మనస్సు ప్రసన్నంగా ఉండడాన్ని శ్రేష్ఠంగా చెప్పిన సంగతి నిజమే. ఆ ప్రసన్నతను కలిగించే భారం ఇంటిల్లిపాది మీదా ఉన్నదని నేను అర్థం చేసుకొంటాను. ఆ మాటను పట్టుకొని బాధపడే మనిషిని దోషిని చేయడం ఆచార్యులకు న్యాయం చేయడం కాదు.

ఆధునిక పరిశోధన కూడా దీనిని పరిశీలించినది. ఫెర్టిక్వాల్ రూపకర్తలలో ఒకరైన బోయివిన్, మరి ఇద్దరు కలిసి 14 అధ్యయనాలలోని 3,583 మంది స్త్రీల వివరాలను క్రోడీకరించి 2011లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ప్రకటించారు. కృత్రిమ గర్భధారణ చికిత్సకు ముందు స్త్రీ పడిన మనోవేదన ఆ చికిత్స విఫలం కావడానికి కారణం కాదని అందులో తేలినది. దిగులు పడినందువలన ఐ.వి.ఎఫ్. చెడిపోయినదని ఏ కోడలినీ అనవద్దు.

సుశ్రుతుడు గర్భానికి నాలుగు అంగాలు చెప్పాడు. ఋతువు అంటే తగిన కాలం, క్షేత్రం అంటే గర్భాశయం, అంబువు అంటే పోషకరసం, బీజం. బీజంలో స్త్రీ పురుషులిద్దరి పాలూ ఉన్నది. మా ప్రాంతపు రైతుకు ఇది చెప్పనక్కరలేదు. మిరప నారు మొలవకపోతే మొదట విత్తనాన్ని అనుమానిస్తాడు, దుకాణం మీదకు వెళ్ళి నిలదీస్తాడు. అదే రైతు ఇంట్లో మాత్రం ఏళ్ళ తరబడి క్షేత్రానికే పరీక్షలు చేయిస్తుంటాడు! సంతానలేమి గల దంపతులలో దాదాపు సగం జంటలలో పురుషుని వైపు లోపం కూడా ఉంటుందని వైద్యులు చెబుతున్నారు.

ఇంట్లో ఇటువంటి పత్రం వచ్చినప్పుడు

తెలుగులో ఇచ్చిన పత్రంలో ఏ మాటైనా అర్థం కాకపోతే ఊహించి వ్రాయకండి. ఆ ప్రశ్న పక్కన చిన్న గీత పెట్టి, ‘ఇది నాకు తెలియలేదు’ అని వ్రాసి ఇవ్వండి. ఆసుపత్రివారికి అది జవాబు కన్నా విలువైన సమాచారం. పెద్దవారు దయచేసి ఆ కాగితాన్ని చదవవద్దు, నింపే వేళ గదిలో ఉండవద్దు. సహాయ పునరుత్పత్తి చికిత్సలకు 2021లో వచ్చిన కేంద్రచట్టం ప్రకారం, ఆ కేంద్రాలు దంపతులకు చికిత్స పర్యవసానాలను, జయాపజయాల అవకాశాలను వివరించే సలహా సేవ అందించాలి. పత్రం నింపిన రోజున ఆ సలహాదారుతో మాట్లాడే సమయం అడిగి తీసుకోవచ్చు.

బ్రతుకు మీద విరక్తి కలుగుతున్నదని తోస్తే పత్రం కోసం, అంకెల కోసం ఆగవద్దు. కేంద్ర ప్రభుత్వం 2022లో ప్రారంభించిన టెలి-మానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

భర్తకు ఒకటి, భార్యకు ఒకటి చొప్పున రెండు పత్రాలు అడగండి. ఒకటే ఇస్తే నకలు తీయించుకోండి. ఇద్దరూ వేరువేరుగా, ఒకరిది ఒకరు చూడకుండా నింపాలి. నింపిన తేదీ, అప్పటికి వాడుతున్న మందులు పైన వ్రాసి, ఒక ప్రతిని ఇంట్లో భద్రపరచండి. కొన్ని నెలల తరువాత మళ్ళీ నింపినప్పుడు పోల్చి చూచుకోవడానికి అది కావలసి వస్తుంది.